నీళ్ల మధ్య ఇల్లు: కెంట్‌లో నాలుగు రోజులు

మొదటి రోజు

ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీ, మెయిడ్‌స్టన్‌లో మా అమ్మాయి వాళ్లింటికి వచ్చి పది రోజులైంది. లండన్ వెళ్లి బ్రిడ్జి చూశాం, గడియారం చూశాం, మ్యూజియంలో కాళ్లు నొప్పులు పుట్టేదాకా తిరిగాం. ఇంక చాలమ్మా అన్నాను. "అయితే నీళ్లు చూపిస్తాను పద నాన్నా" అంది. మా అమ్మాయికి నా బలహీనత తెలుసు. గోదావరి కాలవల మీద ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. లాకులు, తూములు, పూడికతీత, గండి పడిందని అర్ధరాత్రి కాలవ కాపలా కాసే లస్కరు వచ్చి తలుపు కొట్టడం, నా బతుకంతా వీటితోనే గడిచింది. కిందటిసారి వచ్చినప్పుడు డార్కింగ్‌లో కాటన్ దొర సమాధికి దణ్ణం పెట్టుకుని వచ్చాను. ఈసారి చుట్టూ అగడ్త ఉన్న ఇళ్లు చూపిస్తానని నాలుగు రోజుల ప్లాన్ వేసింది.

అగడ్త అనగానే నాకు ఓరుగల్లే గుర్తొస్తుంది. మట్టికోట, దాని చుట్టూ కందకం, లోపల రాతికోట. శత్రువు రాకుండా తవ్విన గొయ్యి అది. మేం చూడాలనుకున్న ఐటమ్ మోట్ కోట కూడా కాదు, ఊరి చివర ఒక దొరగారి ఇల్లట. ఇంటికి అగడ్త ఎందుకు? ఆ సంగతి తేలాలంటే ముందు కోట చూసి తర్వాత ఇల్లు చూడాలన్నాడు మా అల్లుడు. అందుకని మొదట ఈస్ట్ ససెక్స్‌లోని బోడియమ్‌కి వెళ్లాం.

బోడియమ్ కోట ఫొటోలు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, చుట్టూ చెరువంత నీళ్లు, నీళ్లలో తలకిందులుగా అదే కోట. సర్ ఎడ్వర్డ్ డాలింగ్‌రిడ్జ్ అనే సైనికుడు ఫ్రాన్స్ యుద్ధాల్లో పేరూ డబ్బూ సంపాదించుకుని వచ్చి కట్టించాడు. ఆ కాలంలో గోడల మీద పళ్లవరసలాంటి పిట్టగోడలు పెట్టుకోవాలంటే రాజుగారి అనుమతి ఉండాలి. రెండో రిచర్డ్ అతనికి 1385లో ఆ అనుమతి ఇచ్చాడు. కారణం ఫ్రెంచివాళ్ల భయం. 1377లో రై, 1380లో వించెల్సీ రేవుల మీద పడి ఫ్రెంచివాళ్లు తగలబెట్టారు కాబట్టి ఆ భయం ఉత్తుత్తిదేం కాదు.

కానీ గట్టు మీద నడిచి చూస్తే నాకు వేరే అనుమానం వచ్చింది. కోట ఉన్నది వాలులో. పైన గుట్ట మీద నిలబడితే కోట అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. అగడ్త నీళ్లను ఆపుతున్నది మట్టికట్ట. పదిమంది కూలీలకు పారలిచ్చి ఒక రాత్రి టైమిస్తే దానికి గండి కొట్టొచ్చు. అదే మాట అల్లుడితో అన్నాను. "మామయ్యగారూ, ఇక్కడి పండితులు దీనిమీదే దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు" అన్నాడు. ఇది నిజంగా యుద్ధానికి కట్టిన కోటా, లేక కోటలా కనిపించాలని కట్టిన ఇల్లా అన్నది వాళ్ల తగాదా. మొదట్లో లోపలికి వెళ్లే దారి తిన్నగా ఉండేది కాదు. పక్కనుంచి చెక్క వంతెన మీదుగా వచ్చి, నీళ్ల మధ్యలో ఉన్న చిన్న దిమ్మ దగ్గర తిరిగి, అప్పుడు ముఖద్వారానికి వెళ్లాలి. వచ్చే అతిథి ఆ నడకలో కోటను పక్కనుంచీ ఎదురుగానూ రెండు విధాలా చూసేస్తాడు. సినిమాలో హీరో ఎంట్రీలాగా అన్నమాట. లోపల గోడల్లో ఇరవై ఎనిమిది దాకా మరుగుదొడ్లు ఉన్నాయి. అవన్నీ నేరుగా అగడ్తలోకే. అద్దంలా మెరిసే ఆ నీళ్లు ఆ రోజుల్లో ఏ రంగులో, ఏ వాసనతో ఉండేవో ఊహించుకోండి. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆరువందల ఏళ్ల తర్వాత.

లోపలంతా ఖాళీ. ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజుల్లో దీన్ని పాడుపెట్టారు. 1829లో ఒకాయన కొని కూలకుండా ఆపాడు. 1917లో కొన్నది మనకు బాగా తెలిసినవాడు, లార్డ్ కర్జన్. బెంగాల్‌ని రెండు ముక్కలు చేసి, మన రాజమండ్రి దాకా వందేమాతరం వినిపించేలా చేసిన వైస్రాయ్. మన దేశంలో 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చిందీ ఆయనే. ఇక్కడ అగడ్తలో నీళ్లు తోడించి, పూడిక తీయించి, గోడలు బాగుచేయించి, 1925లో చనిపోతూ, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చాడు. మనిషిని ఏ పక్కన పెట్టాలో తెలియక కాసేపు ఊరుకున్నాను. పూడిక తీయించాడు కదా అని కొన్ని మార్కులు వేశాను.

రెండో రోజు

పొద్దుటినుంచీ ముసురు. స్కాట్నీ కోటకి వెళ్లాం, పెద్దగా చూడలేదు, ఎక్కువగా తడిశాం.

ఇక్కడా అగడ్త ఉంది, 1378 ప్రాంతంలో రోజర్ ఆష్‌బర్నమ్ కట్టించిన కోట తాలూకు గుండ్రటి బురుజొకటి మిగిలింది. 1590ల్లో కాథలిక్ మతగురువు రిచర్డ్ బ్లౌంట్ కొన్నేళ్లపాటు ఇక్కడ దాక్కున్నాడు. సోదా చేసేవాళ్లు దగ్గరకి వచ్చేసరికి ఈ అగడ్తలోకే దూకి ఈదుకుంటూ తప్పించుకున్నాడని చెబుతారు. మొత్తానికి అగడ్త ఇక్కడ లోపలివాణ్ని బయటికి పంపడానికి పనికొచ్చింది.

నాకు నచ్చనిది ఇంకోటి ఉంది. 1837 నుంచి 1843 దాకా ఎడ్వర్డ్ హస్సీ అనే ఆసామి గుట్టమీద కొత్త ఇల్లు కట్టించాడు. దానికి రాయి ఆ వాలులోనే తవ్వి తీశారు. ఇల్లు పూర్తయ్యాక కింద ఉన్న పాత ఇంటిని కావాలనే కొంత పడగొట్టించాడు, పై కిటికీలోంచి చూస్తే అందమైన శిథిలంలా కనబడాలని. చక్కటి బొమ్మే, ఒప్పుకుంటాను. కానీ కూలుతున్న గోడకి గోనెసంచులు పెట్టి కాపలా కాసిన ఉద్యోగం నాది. నిలబడి ఉన్న గోడని అందం కోసం కూలగొట్టాడంటే నాకు మింగుడు పడలేదు. మార్గరెట్ థాచర్ ఈ ఎస్టేట్‌లో కొన్నాళ్లు ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుందట. ఆవిడ కిటికీలోంచి ఏం కనబడేదో మరి.

మూడో రోజు

పొద్దున్నే ఎండ. మా ఆవిడ పులిహోర కట్టింది. కారులో కూర్చున్నాక అమ్మాయి చెప్పింది, స్పెల్లింగ్ ఎలా ఉన్నా పలకడం మాత్రం 'ఐటమ్' అని. అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. తెలుగువాడికి ఐటమ్ అంటే ఐటమ్ సాంగే కదా. మా ఆవిడకి కోపం వచ్చింది, గుడికెళ్లినట్టు వెళ్తుంటే ఆ మాటలేమిటని. మోట్ అన్న మాటకి అగడ్త అనే అర్థమే కాకుండా, ఊరిజనం సభ పెట్టుకునే చోటు అనే పాత మాటనుంచి వచ్చిందనే వాదన కూడా ఉంది.

దారి అంతా సన్నటి సందులు, రెండు పక్కలా పొదలు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనం అర కిలోమీటరు వెనక్కి వెళ్లాల్సిందే. కారు పైన పెట్టి కిందికి నడిచాం. దగ్గరికి వెళ్లేదాకా ఇల్లు కనబడదు. చెట్ల మధ్య లోయ అడుగున కూర్చుని ఉంది. నిన్నా మొన్నా వచ్చిన అనుమానం ఇక్కడ తీరిపోయింది. యుద్ధం మనసులో ఉన్నవాడు ఎవడూ ఇలాంటి పల్లంలో ఇల్లు కట్టడు. మూడువైపుల నుంచీ రాళ్లు విసరొచ్చు. అంతర్యుద్ధంలో రాజుమీద తిరగబడ్డ క్రామ్‌వెల్ సైనికులు దీన్ని దోచుకుందామని బయలుదేరి దారి తప్పి ఇంకో ఇంటిమీద పడ్డారని ఇక్కడ చెప్పుకునే కథ. ఆ సందుల్లో మా జీపీఎస్ కూడా రెండుసార్లు తప్పింది కాబట్టి నేను నమ్ముతాను.

నీళ్ల అంచునుంచే గోడలు లేచాయి. అడుగున బూడిదరంగు కెంట్ రాయి, పైన నల్లటి ఓక్ చట్రం, మధ్యలో సున్నం. కొన్నిచోట్ల పై అంతస్తు కొంచెం ముందుకు తోసుకుని నీళ్లమీదికి వంగి చూస్తున్నట్టుంది. వంతెనలు మూడు. ముఖద్వారం పైన బురుజు. తలుపు పక్కన రాతిలో ఒక సన్నటి చీలిక చూపించారు. అపరిచితుడు వస్తే తలుపు తీయకుండానే ఆ చీలికలోంచి ఉత్తరం అందుకోవచ్చు, మాట్లాడొచ్చు. మన అపార్ట్‌మెంట్ తలుపుకి పెట్టే కన్నం లాంటిదే.

లోపల అడుగుపెట్టగానే మా ఆవిడ, "ఏమండీ, ఇది మండువా లోగిలండీ!" అంది. నిజమే. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ నాలుగువైపులా గదులు, అన్ని తలుపులూ ముంగిట్లోకే. మా తాతగారి ఇంట్లో వానపడితే మండువాలోకి నాలుగు వైపులనుంచీ ధారలు పడేవి, మేం గిన్నెలు పెట్టేవాళ్లం. ఇక్కడ నేలకి గులకరాళ్లు పరిచారు. గదులు డెబ్బైకి పైగా. అయితే మన మండువా ఒకే మేస్త్రీ ఒకే ఏడాదిలో కట్టేస్తాడు. ఇది నాలుగైదు తరాల చేతుల మీద పెరిగింది. మొదటి భాగం దాదాపు 1320-1340ల నాటిది: పెద్ద హాలు, ఒక చాపెల్ అంటే ఇంట్లోనే ప్రార్థన గది, కొన్ని గదులు. 15వ శతాబ్దంలో హాట్ అనే కుటుంబం చేతికి వచ్చాక మిగతా వైపులు కూడా మూసుకుని ముంగిలి పూర్తయింది.

హాల్లో కుర్చీలు వేసి ఉంటే కూర్చుని చాలాసేపు పైకప్పు చూశాను. మధ్యలో ఒక రాతి కమాను, దానికి రెండు పక్కలా ఓక్ కమానులు. ఆ కమానుల పాదాల దగ్గర చిన్న చిన్న మనుషుల బొమ్మలు చెక్కారు, ఒక్కొక్కడూ గొంతుక్కూర్చుని కప్పు బరువంతా భుజాలమీద మోస్తున్నట్టు. ఒకడి మొహం చూస్తే నవ్వొచ్చింది. సిమెంటు బస్తా మోసేటప్పుడు మా కూలీ ఒకడు అచ్చం అలాగే మూతి వంకర పెట్టేవాడు. ఆ శిల్పి తన పక్కన పనిచేసే ఎవరినో చూసే చెక్కి ఉంటాడు.

ఈ ఇంటి వయసు ఎలా లెక్క కట్టారంటారా? చెట్టు ఏడాదికో వలయం చొప్పున లావెక్కుతుంది. వానలు బాగా కురిసిన ఏడు వెడల్పు వలయం, కరువు ఏడు సన్నటిది. ఒక ప్రాంతంలో చెట్లన్నిటికీ ఈ వరస దాదాపు ఒకటే. దూలంలోంచి పెన్సిలంత కర్ర తొలిచి తీసి, అందులోని వలయాల వరసని, ఏ ఏడు ఏదో తెలిసిన పాత వరసతో పోల్చి చూస్తారు. బెరడుకి దగ్గర వలయం దొరికితే చెట్టు కొట్టిన ఏడు కూడా చెప్పొచ్చు. పచ్చి ఓక్‌తోనే పని చేసేవాళ్లు కాబట్టి కొట్టిన ఏడే దాదాపు కట్టిన ఏడు. మా డిపార్ట్‌మెంట్‌లో వర్షపాతం రిజిస్టరు ఉండేది. ఇక్కడ దూలమే రిజిస్టరు.

తర్వాత ట్యూడర్ రాజవంశం నాటి చాపెల్. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైన గది ఇదే. ఎనిమిదో హెన్రీ కొలువులో ఉన్న రిచర్డ్ క్లెమెంట్ 1521లో నాలుగువందల పౌండ్లకు ఈ ఇల్లు కొన్నాడు. మహా సంపన్నుడేం కాదు, కొలువులో పైకి రావాలనుకునే మనిషి. ఇల్లంతా రాజుగారి గుర్తులతో నింపేశాడు. శుద్ధమైన తెలుగులో చెప్పాలంటే కాకా పట్టడం. పీపాని నిలువునా కోసినట్టుండే చెక్క కప్పు నిండా రంగులు వేయించాడు: ట్యూడర్ గులాబీలు, కోట బొమ్మలు, బాణాల కట్టలు, దానిమ్మపండ్లు. రంగులు వెలిసిపోయాయి గానీ మెడ ఎత్తి కొంచెంసేపు ఓపిక పట్టి చూస్తే ఒక్కొక్కటే పైకి తేలతాయి. దానిమ్మ ఎవరి గుర్తనుకున్నారు? రాణి కేథరిన్ ఆఫ్ ఆరగాన్‌ది. హెన్రీ ఆవిణ్ని వదిలేసి 1533లో ఆన్ బొలీన్‌ని రాణిని చేశాడు. అప్పుడు ఎంతమంది దొరల ఇళ్లలో దానిమ్మపండ్లు గీకేయించి ఉంటారో! క్లెమెంట్ గారి కప్పుమీద మాత్రం అలాగే ఉండిపోయాయి. ధైర్యమా, బద్ధకమా, మళ్లీ రంగు వేయించడానికి డబ్బుల్లేకనా? మా ఆవిడ మాత్రం "కూలీ ఖర్చే అయ్యుంటుంది" అంది.

మధ్యలో ఉన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. 1591 నుంచి దాదాపు మూడువందల ఏళ్లు సెల్బీ వంశం ఇక్కడ ఉంది. డ్రాయింగ్ రూములో 18వ శతాబ్దపు చైనా గోడకాగితం ఉంది, చేత్తో వేసిన పక్షులు, పూలకొమ్మలు. 1887 నుంచి కొన్నాళ్లు అమెరికా రైల్వే కంపెనీల అధిపతి జనరల్ విలియం పామర్ కుటుంబం అద్దెకు ఉంది. వాళ్లమ్మాయి ఎల్సీని చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ బొమ్మ వేశాడు, తెల్లబట్టల్లో, సూటిగా మనవైపే చూస్తూ. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో జనరల్ పామర్ స్థాపించిన కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్లో ఉంది. ముంగిట్లో ఒక కుక్కగూడు ఉంది, సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క డైడో కోసం కట్టింది. ఈ దేశంలో కట్టడాలకిచ్చే అత్యున్నత రక్షణ, గ్రేడ్ వన్, ఆ కుక్కగూడుకీ ఉంది. మా తాతగారి మండువా మాత్రం అన్నదమ్ముల వాటాల్లో పోయింది. అది వేరే కథ.

ఈ ఇల్లు ఇంకా ఉండటానికి అసలు కారణం మాత్రం చివరి యజమానుల సంగతి. 1889లో కొన్న సర్ థామస్ కోలియర్-ఫెర్గుసన్ కరెంటు, హీటింగ్ పెట్టించి, వారానికో రోజు జనాన్ని లోపలికి రానిచ్చాడు. ఆయన కొడుకు ఒకడు, ఇరవై ఒక్కేళ్ల రివర్స్‌డేల్, 1917 జూలై 31న బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు, సాహసానికిచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. తండ్రి 1951లో పోయాక ఇల్లు నిలుపుకోవడం ఎవరివల్లా కాలేదు. సామాన్లు వేలం వేశారు. ఇల్లు కూల్చి, కప్పుమీది సీసం అమ్ముకుంటే ఎంత వస్తుందనే లెక్కలు ఆ రోజుల్లో ఇలాంటి ఇళ్ల మీద మామూలే. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల వ్యాపారస్తులు ముగ్గురు కలిసి కొన్నారు, వాళ్లు ఉండటానికి కాదు, ఎవరైనా మంచివాడు దొరికేదాకా కూలకుండా ఆపడానికి.

ఆ మంచివాడు అమెరికాలో మెయిన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ ఊరివాడు, చార్లెస్ హెన్రీ రాబిన్సన్. కుర్రతనంలో సైకిల్ మీద ఈ వైపు తిరిగినప్పుడు ఇల్లు చూశాడట. 1953లో పత్రికలో అమ్మకం ప్రకటన చూసి వచ్చి కొంటానని మాటిచ్చాడు. క్వీన్ మేరీ ఓడలో తిరిగి వెళ్తుండగా బుద్ధి తిరిగింది, ఇంత ఖర్చు నాకెందుకని వద్దంటూ ఉత్తరం రాశాడు. ఓడలో పోస్టాఫీసు మూసేసి ఉంది. ఉత్తరం పడలేదు, ఇల్లు ఆయనదైంది. పన్నుల లెక్క చూసుకుని ఏడాదికి పద్నాలుగు వారాలు మాత్రమే ఉండేవాడు. పెళ్లాం పిల్లలు లేరు. 1985లో పోతూ నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశాడు. ఆయన అస్థికలు ఇక్కడే, భూగర్భ గది బయట గోడలో పెట్టి ఉన్నాయి. ఆ రాయి దగ్గర కాసేపు నిలబడ్డాను. మన పోస్టాఫీసులు కూడా మధ్యాహ్నం ఒంటిగంటకి కిటికీ మూసేస్తే ఎంత తిట్టుకున్నామో గుర్తొచ్చింది.

ట్రస్టు చేతికి వచ్చేసరికి ఇల్లు పైకి బాగానే ఉంది, లోపల డొల్ల. ఓక్‌ని తినే ఒక పురుగుంది, తలని చెక్కకేసి టకటకా కొడుతుంది. పూర్వం చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన రాత్రి మేలుకుని కూర్చున్న వాళ్లకి ఆ నిశ్శబ్దంలో ఈ చప్పుడు వినబడేదట. అందుకని చావు కాపలా పురుగు అని పేరు పెట్టారు. చెమ్మ ఉన్న చెక్క అంటే దానికి మహా ఇష్టం. నీళ్ల మధ్య ఇల్లు ఇంకేం కావాలి! 1989లో పని మొదలుపెట్టి 2004లో ముగించారు, కోటి పౌండ్లకు పైగా అయింది. ఇంటిని భాగం తర్వాత భాగం విప్పి, ప్రతి ముక్కనీ రాసిపెట్టుకుని, బాగుచేసి, మళ్లీ అదే చోట బిగించారు. అలా విప్పినప్పుడే తర్వాతి కాలపు పలకల వెనక మూసుకుపోయిన పాత కిటికీలు, పాత అలంకారాలు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రమంటే నేల తవ్వడమే అనుకునేవాణ్ని. ఇక్కడ గోడని తవ్వారు.

పైమెట్ల దగ్గర ఒక దూలం చూసి ఆగిపోయాను. పాత చెక్క బొగ్గులా నల్లగా, పగుళ్లతో ఉంది. చివర మూరెడు మేర కుళ్లిపోయినంత వరకే కోసి, తేనెరంగు కొత్త ఓక్ ముక్క అతికారు. రెండూ ఏటవాలుగా ఒకదాన్లోకి ఒకటి దిగాయి, మధ్యలో గోరు కూడా దూరదు. ఇనప మేకు లేదు, చెక్కసీలలే. రంగు కలిపి దాచే ప్రయత్నం కూడా చేయలేదు, ఎవరు చూసినా ఇది కొత్తదని తెలిసేలా వదిలేశారు. ఆ అతుకు మీద వేలు పెట్టబోతే అక్కడ కూర్చున్న పెద్దావిడ, జీతం లేకుండా సేవ చేసే వాలంటీరు, సుతారంగా తల అడ్డంగా ఊపింది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. తర్వాత ఆవిడే చెప్పింది, పాతది ఎంత వీలైతే అంత ఉంచి, పోయినంత మేరకే మార్చడం వాళ్ల పద్ధతని. మా కాలవ గట్టు రివిట్‌మెంట్‌కి, అంటే గట్టుకి వేసే రాతి తొడుగుకి, ఎస్టిమేట్లు వేసేటప్పుడు, ఒక రాయి జారితే వంద మీటర్లు కొత్తగా వేయించినవాళ్లని చూశాను. పేర్లు వద్దులెండి.

పులిహోర బయట బల్లమీద కూర్చుని తిన్నాం. బాతులు చుట్టూ చేరాయి. ఆవపెట్టిన పులిహోర వాటికి నచ్చలేదు.

నాలుగో రోజు

పొద్దున ఐటమ్ ఊళ్లో సెయింట్ పీటర్ చర్చికి వెళ్లాం. ఆ ఇంటి తొలినాటి యజమానుల్లో మనకు పేరు తెలిసిన సర్ థామస్ కాన్ ఇక్కడే రాతిబొమ్మగా పడుకుని ఉన్నాడు, కవచం తొడుక్కుని. ఇంకో గోడకి డేమ్ డొరొతీ సెల్బీ, 1641లో చనిపోయింది. సూదిపనిలో మహా నేర్పరి. ఆవిడ స్మారకం మీది పద్యంలో, ఆవిడ కళ ఆ కుట్రని బయటపెట్టిందనే మాట ఉంది. 1605లో పార్లమెంటుని పేల్చేయబోయిన గన్‌పౌడర్ కుట్ర గురించి. దాంతో, కుట్ర సంగతి ముందే తెలియజేసిన ఆకాశరామన్న ఉత్తరం రాసింది డొరొతీయే అని జనం కథ అల్లేశారు. అసలు సంగతి, ఆవిడ ఆ కుట్ర బొమ్మని బట్ట మీద కుట్టింది. కుట్టింది అంటే కుట్టింది అంతే. మన తెలుగులో అయితే కుట్ర, కుట్టు అని శ్లేష కూడా కలిసొచ్చేది.

మధ్యాహ్నం మళ్లీ మోట్‌కి వెళ్దామన్నాను. "నిన్నంతా చూశాం కదా నాన్నా?" అంది అమ్మాయి. ఇల్లు చూశాను గానీ నీళ్లు చూడలేదు.

ఈ అగడ్తకి నది లేదు. ఉత్తరాన కొండవాలు ఇసుకరాయి. వాన అందులో ఇంకి, కింద ఊటలుగా పుడుతుంది. చిన్న వాగు లోయలోంచి దిగి ఇంటిని చుట్టి దక్షిణానికి పోతుంది. ఇంటికి ఉత్తరాన పచ్చగా, పరుపులా ఉన్న గడ్డిమైదానం ఒకప్పుడు చేపలు పెంచే కుంట. పామర్ల కాలంలో సార్జెంట్ అక్కడ బంతులాట ఆడుతున్న ఇంటివాళ్లని బొమ్మ వేశాడు, వాళ్ల కాళ్లకింద చెరువు పూడిక ఉంది. ఇక్కడ సౌతాంప్టన్, అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల బృందం, ప్రొఫెసర్ మాథ్యూ జాన్సన్ ఆధ్వర్యంలో, 2010 తర్వాత కొన్నేళ్లు సర్వే చేసింది. ఈ ఇల్లూ, బోడియమ్, స్కాట్నీ, దగ్గర్లోని నోల్ అనే పాత భవంతీ కలిపి. పార కూడా పెట్టకుండా ఎక్కువ పని చేశారు. నేలలో రెండు ఊచలు గుచ్చి కరెంటు పంపుతారు. తడిమన్ను కరెంటుని తేలిగ్గా పోనిస్తుంది, రాతిగోడ అడ్డుకుంటుంది. అడుగడుగునా ఆ అంకెలు రాసుకుంటే పాత కాలవ ఎక్కడ పూడిందో, పాత గోడ ఎక్కడ ఉందో పటంలా తేలుతుంది. వాళ్లు పట్టుకున్న ప్రశ్న కూడా నాకు నచ్చింది. కోటా, డాబా ఇల్లా అన్న తగాదా పక్కనపెట్టి, ఇక్కడ రోజూ బతికినవాళ్లు ఎటునుంచి ఎటు నడిచారు, దొర ఏ దారిన వచ్చాడు, నీళ్లు మోసే మనిషి ఏ దారిన వచ్చాడు అని అడిగారు.

నా లెక్కలో ఈ అగడ్త చేసిన పనులివి. ఊటలున్న పల్లంలో ఇల్లు కడితే ఎలాగూ నేలంతా చెమ్మ. ఆ నీటిని ఒక గొయ్యిలోకి చేర్చి నడిపిస్తే మధ్యలో గడ్డ గట్టిపడుతుంది. చేపలు దొరుకుతాయి. దొంగ ఒక్క గెంతులో లోపలికి రాలేడు. వంతెన మీదుగా వచ్చేవాడికి, ఇదెవరి ఇల్లో తెలుసా అని చెప్పకుండానే చెబుతుంది. ఓరుగల్లు కందకం చేసే పని మాత్రం దీనికి చేతకాదు. అల్లుడు నా థియరీ విని, "మీరు కూడా ఒక పేపర్ రాసేయండి మామయ్యగారూ" అన్నాడు. వెటకారమో కాదో తెలియలేదు.

వాగు వెంట పైకి నడిచాను, మా వాళ్లు బెంచీ మీద కూర్చుండిపోయారు. చెట్ల కింద నీళ్లు చేతివేళ్లంత లోతు, అడుగున ఇసుక గింజలు కదులుతున్నాయి. ఇంత సన్నటి ధార అంత ఇంటిని చుట్టి నిలబెడుతోంది. తిరిగి కిందికి వచ్చేసరికి తోటపనివాడు ఒకాయన నీళ్ల అంచున పొడుగు కర్రతో రాలిన ఆకులు లాగుతున్నాడు. అడ్డం పడ్డ కొమ్మలో చెత్త చుట్టుకుని నీటిమట్టం ఒక వేలు మేర లేచింది. ఆ సంగతి నేను పైనుంచే గమనించాను. నా ఇంగ్లీషులో, కొమ్మని ముందు ఇవతలి చివర నుంచి తిప్పమన్నాను. ఆయన నవ్వి కర్ర నా చేతికిచ్చాడు. తిప్పాను. చెత్త ఒక్కసారిగా విడిపోయి నీళ్లు గలగలమని కదిలాయి.

అమ్మాయి ఎక్కడినుంచి తీసిందో ఫొటో తీసి మా పాత డివిజన్ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. కారెక్కేలోగా మా లస్కరు దగ్గరనుంచి రిప్లై వచ్చింది: "సార్, అక్కడ కూడా డ్యూటీయేనా? టీఏ బిల్లు పెట్టండి."